వాడ నుంచి చూసిన పోలీసు చరిత్ర: చీరాట నుంచి కమిషనరేట్ దాకా



ఈ వరుసలో ఇప్పటిదాకా భూమి, చెరువు, బడి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి పోలీసు స్టేషన్. రాజధాని అమరావతి అన్న మాట పుట్టినప్పటినుంచీ గుంటూరు, విజయవాడ కలిపి ఒక పెద్ద కమిషనరేట్ పెడతారని ఒకసారి, అమరావతికి విడిగా పెడతారని ఇంకోసారి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అలా వినపడ్డప్పుడల్లా కాలేజీ పిల్లలు అడుగుతుంటారు: అన్నా, ఎస్పీ ఉంటే ఏంటి, కమిషనర్ ఉంటే ఏంటి, మన పల్లెకి ఏం తేడా?

పొట్టి జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు. ఎస్పీకి లేని మేజిస్ట్రేట్ అధికారం కమిషనర్‌కి ఉంటుంది. కానీ ఆ మాట వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. అది తెలియకపోతే పొట్టి జవాబు జీకే పరీక్షకి పనికొస్తుందేమో గానీ మనకి పనికిరాదు.

1816కి పోదాం. కృష్ణకి ఈ ఒడ్డున ఉన్న మన ఊళ్లన్నీ అప్పటికి మద్రాసు సర్కారు కింద ఉన్నాయి. ఆ ఏడాది చేసిన 11వ రెగ్యులేషన్ ఈ ప్రాంతానికి మొదటి పోలీసు చట్టం లాంటిది. ఊళ్లో పోలీసు పెద్ద ఎవరు? మునసబు. తాలూకాలో? తహశీల్దారు. జిల్లాలో? కలెక్టరే మేజిస్ట్రేటు. అంటే శిస్తు వసూలు చేసేవాడూ, దొంగని పట్టుకునేవాడూ, శిక్ష వేసేవాడూ ఒక్కడే. మునసబు ఎవరు? ఊరి భూమి ఎవరి చేతిలో ఉందో వాళ్ల ఇంటి మనిషి. ఆయన వెనక కర్ర పట్టుకుని నడిచే వెట్టివాడు మాత్రం మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో వచ్చినవాడు. పెద్ద ఎవరో, బంటు ఎవరో పోలీసు వ్యవస్థ పుట్టకముందే కులం తేల్చేసింది.

ఆ రెగ్యులేషన్‌లో ఒక ఏర్పాటు ఉంది. లా చదివే పిల్లలు దాన్ని వెతికి చదవాలి. చిన్నా చితకా తిట్లు, కొట్లాటల్లో మునసబు తనే శిక్ష వేయొచ్చు. మామూలు మనిషైతే పన్నెండు గంటల వరకూ చావడిలో కూర్చోబెట్టాలి. "కింది కులాల" వాడైతే ఆరు గంటల వరకూ బొండలో వేయొచ్చు. బొండ అంటే మన తాతల మాట. రెండు దూలాల మధ్య బెజ్జాల్లో కాళ్లు ఇరికించి, ఊరంతా చూస్తుండగా ఎండలో కూర్చోబెట్టే కొయ్య. తప్పు ఒకటే, శిక్షలు రెండు. ఒకరికి నీడ, ఒకరికి ఎండ. కులం అన్నది సంఘంలో ఉంది, చట్టంలో లేదు అని వాదించే పెద్దమనుషులకి ఈ ఒక్క సెక్షన్ చూపిస్తే చాలు. మనుస్మృతి దాకా వెళ్లక్కర్లేదు, ఇది కుంఫిణీ వాళ్ల ఇంగ్లీషు చట్టం.

శిస్తూ లాఠీ ఒకే చేతిలో ఉంటే ఏం జరుగుతుందో నలభై ఏళ్లలో తేలిపోయింది. మద్రాసు సర్కారే ఒక కమిషన్ వేయాల్సి వచ్చింది, 1855లో దాని నివేదిక వచ్చింది. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు కూర్చుని జనం ఫిర్యాదులు విన్నారు. చరిత్రలో దాని పేరే టార్చర్ కమిషన్. ఆ నివేదిక హింసా పద్ధతులకు తెలుగు పేర్లు కూడా రాసుకుంది. వేళ్లూ ఒళ్లూ నొక్కే చెక్క పరికరాన్ని మన తెలుగు జిల్లాల్లో చీరాట అంటారని, మనిషిని విల్లులా వంచి తాడుతో కట్టి ఎండలో ఉంచడాన్ని గింజేరి అంటారని నమోదు చేసింది. ఈ పేర్లు ఇప్పుడు ఎవరి నోటా రావు. అప్పట్లో మాత్రం శిస్తు కట్టలేని ప్రతి ఇంటికీ తెలిసిన మాటలు. రెండేళ్ల తర్వాత కార్ల్ మార్క్స్ ఈ నివేదికనే ముందు పెట్టుకుని న్యూయార్క్ పత్రికలో ఇండియాలో హింస మీద వ్యాసం రాశాడు. మార్క్స్‌ని చదివే మన కామ్రేడ్లు ఆ వ్యాసం దాకా వెళ్తారు గానీ చీరాట దాకా రారు. అదో లోటు.

కమిషన్ దెబ్బకి వచ్చిందే 1859 నాటి 24వ చట్టం. దేశమంతా 1861 పోలీసు చట్టం గురించి మాట్లాడుతుంది, దాన్ని మన మీద వాడతారు కూడా. 2023 జనవరిలో రోడ్ల మీద సభలు పెట్టకుండా రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 1వ నంబరు జీవోకి ఆధారం ఆ 1861 చట్టమే. హైకోర్టు ఆ జీవోని మే నెలలో కొట్టేసింది. కానీ కోస్తా జిల్లాల పోలీసు అంతకంటే రెండేళ్లు పెద్దది. "ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంత) జిల్లా పోలీసు చట్టం, 1859" అని పేరు మార్చి ఆ చట్టాన్ని మన చట్టాల పుస్తకంలోకి తెచ్చుకున్నాం. విలియం రాబిన్సన్ అనే దొర దానికి రూపం ఇచ్చాడు. పైన ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాకో సూపరింటెండెంట్, కింద ఇన్‌స్పెక్టర్లు, స్టేషన్లు, యూనిఫారం, జీతం. తహశీల్దారు చేతిలోంచి లాఠీ తీసేశారు. (గమ్మత్తు ఏంటంటే, ఆ 1859లోనే గుంటూరు జిల్లాని రద్దు చేసి కృష్ణాలో కలిపేశారు. మళ్లీ 1904లో గానీ గుంటూరు జిల్లా కాలేదు. అందుకే తొలినాళ్ల గుంటూరు పోలీసు కాగితాలు వెతికేవాళ్లు మచిలీపట్నం పేరుతో వెతకాలి.)

లాఠీ, శిస్తూ, తీర్పూ విడిపోవడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువ చేయను. కానీ విడిపోయింది తాలూకా పైన మాత్రమే. ఊరి దగ్గర ఏమీ విడిపోలేదు. స్టేషన్ ఎక్కడో ఐదారు కోసుల దూరంలో ఉంటుంది. ఊళ్లో ఏదైనా జరిగితే స్టేషన్‌కి కబురు పంపాల్సింది మునసబే. శవం దొరికినా, దొంగతనం జరిగినా, కొట్లాట జరిగినా ఆయన రాసి పంపిన కాగితమే మొదటి వార్త. ఆయన మనిషే కొట్టినప్పుడు ఆ వార్త ఎలా ఉంటుందో ఊహించుకోండి. "పల్లెవాళ్లు తాగి వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు" అంతే. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో మునసబు, కరణాల్ని రద్దు చేసేదాకా నూట పాతికేళ్లు ఇదే నడిచింది. గ్రామాధికారుల రద్దుని ఎవరెన్ని రకాలుగా విమర్శించినా, వాడ వైపు నుంచి చూస్తే అదొక పోలీసు సంస్కరణ. నా లెక్కలో మాత్రం అంతే.

ఇక రిజిస్టర్ల సంగతి. పోలీసు స్టేషన్‌లో రెండు రకాల పుస్తకాలు ఉంటాయి. జనం వచ్చి చెప్పింది రాసుకునే పుస్తకాలు, జనం మీద కన్నేసి రాసుకునే పుస్తకాలు. మన వాళ్ల పేర్లు మొదటి రకంలో ఎక్కడం ఎంత కష్టమో, రెండో రకంలో ఎక్కడం అంత తేలిక. దీనికి మన నేల మీదే పెద్ద పాఠశాల ఉంది. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాన మొదలై, 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఆ వెంటనే బాపట్ల, చీరాల మధ్య స్టువార్టుపురం పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువార్ట్ అనే దొర పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ పెట్టి, పేర్లు రాసి, హాజరు పిలిచి, పాసు లేకుండా పొలిమేర దాటకుండా చేశారు. దాటితే అదే నేరం. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కూడా అక్కడినుంచే వెళ్లారు. పోలీసు నిఘా, మిషన్ బోధ, కంపెనీ కూలీ మూడూ ఒకే కంచెలో. ఇవాళ రాజధాని అంచున, కృష్ణ బ్యారేజీ పక్కన ఉన్న సీతానగరంలోనూ అలాంటి సెటిల్‌మెంటే నడిచింది. రోజూ ఆ దారిన సచివాలయానికి వెళ్లే ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మన పాఠ్యపుస్తకాల్లో 1920ల గుంటూరు జిల్లా అంటే చీరాల-పేరాల, పెదనందిపాడు పన్నుల నిరాకరణ, పల్నాడులో పుల్లరి పోరాటం, 1922లో కాల్పుల్లో పోయిన కన్నెగంటి హనుమంతు. అవన్నీ నిజం, గొప్పవే. పోలీసు దౌర్జన్యం అంటే ఏంటో రైతుకి అప్పుడు తెలిసింది. కానీ అదే సంవత్సరాల్లో, అదే జిల్లాలో, చీరాలకి కూతవేటు దూరంలో రోజూ హాజరు పలికిన ఎరుకల తల్లి కథ ఏ పాఠంలోనూ లేదు. ఒకరి మీద పడ్డ లాఠీ జాతీయోద్యమం అయ్యింది. ఇంకొకరి మీద పడ్డది లా అండ్ ఆర్డర్ అయ్యింది.

స్వాతంత్ర్యంతో ఆ చట్టం పోయింది. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు దానికోసం చాలా తిరిగారు. పోయిన చట్టం వెనకే ఇంకో చట్టం వచ్చింది: అలవాటు నేరస్థుల చట్టం. మద్రాసులో 1948, ఆంధ్రప్రదేశ్‌లో 1962. తెగ పేరు తీసేసి మనిషి పేరు పెట్టారు, కానీ చూసే కన్ను అదే. దాని పక్కనే పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద సస్పెక్ట్ షీట్లు, రౌడీ షీట్లు. స్టాండింగ్ ఆర్డర్లు శాసనసభ చేసిన చట్టం కావు, డిపార్ట్‌మెంటు తనకి తాను రాసుకున్న నియమాలు. రాత్రిపూట ఇంటి తలుపు తట్టి "ఉన్నాడా" అని చూసే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. 2024 మేలో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది: వెనకబడిన కులాల, ఎస్సీ, ఎస్టీ కుటుంబాల అమాయకుల పేర్లు కేవలం వాళ్ల పుట్టుకను బట్టి హిస్టరీ షీట్లలోకి ఎక్కకుండా చూసుకోమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఎక్కకపోతే చెప్పాల్సిన అవసరం ఏముంది?

సినిమా వాళ్లకి మాత్రం స్టువార్టుపురం బంగారు గని. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి, ఒక దాని పేరులో పోలీస్ స్టేషనూ ఉంది. ఆ ఏడాదే జూలైలో ఒక సినిమా హాల్లో దళిత కుర్రాడి కాలు ముందు కుర్చీకి తగిలిందన్న గొడవతో చుండూరు మొదలైంది. దాని దగ్గరికి వస్తాను. ముందు నది దాటి విజయవాడ వెళ్లొద్దాం, కమిషనరేట్ సంగతి తేల్చాలి కదా.

కమిషనర్ పద్ధతి మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి అనే మూడు కంపెనీ పట్నాల కోసం పుట్టింది. 1856 నాటి 13వ చట్టం దానికి ఆధారం. హైదరాబాద్‌లో నిజాం కొత్వాలు ఉండేవాడు. మన వైపు విజయవాడకి కమిషనరేట్ 1980ల్లో వచ్చింది. జిల్లాలో ఎస్పీ కింద డీఎస్పీ, సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ఎస్సై ఉంటారు. కమిషనరేట్‌లో కమిషనర్ కింద డీసీపీ, ఏసీపీ, ఇన్‌స్పెక్టర్. పేర్లు మారడం పెద్ద విషయం కాదు. అసలు విషయం ఇది. జిల్లాలో నిషేధాజ్ఞ పెట్టాలన్నా, ఒకణ్ణి బైండోవర్ చేయాలన్నా పోలీసు వెళ్లి తహశీల్దారునో, ఆర్డీవోనో, కలెక్టర్నో అడగాలి. వాళ్లు సరిగ్గా చూస్తారా, కళ్లు మూసుకుని సంతకం పెడతారా అన్నది వేరే సంగతి. కనీసం ఇంకో టేబుల్ ఉంది, అక్కడికి మనం పది మందిమి వెళ్లి నిలబడి అడగొచ్చు. కమిషనరేట్‌లో ఆ మేజిస్ట్రేట్ అధికారాలు, ప్రభుత్వం అప్పగించినంత మేర, కమిషనర్‌కే ఉంటాయి. నిషేధాజ్ఞ ఆయనదే, నగర బహిష్కరణ ఆయనదే. అడిగేదీ ఇచ్చేదీ ఒకే ఆఫీసు. 1816లో కలిపారు, హింస బయటపడ్డాక 1859లో విడదీశారు, నగరం పెద్దదైందని మళ్లీ కలిపారు. ఈ మూడు తేదీలు కలిపి చూడండి.

ఇంత అధికారం ఇచ్చినందుకు నగరంలో శాంతి వచ్చిందా? 1988 డిసెంబరు 26న నిరాహార దీక్ష శిబిరంలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాని నడి విజయవాడలో చంపేశారు. ఆ తర్వాత ఊళ్లకి ఊళ్లు తగలబడ్డాయి. పెద్దవాళ్ల కథ అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వదిలేసి చిన్నవాడి కథ చెప్తాను.

2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని అత్యాచారం చేసి చంపారు. రాష్ట్రమంతా అట్టుడికింది. పెద్దవాళ్ల పిల్లల మీద అనుమానాలు వినిపించాయి. ఎనిమిది నెలలు తిరిగేసరికి పోలీసులు నందిగామ వైపు నుంచి ఒక దళిత కుర్రాణ్ణి తెచ్చి, వీడే అన్నారు. చంపబడ్డ అమ్మాయి తల్లే "వీడు కాదు" అని మొదటినుంచీ చెప్పింది. చూడండి, బిడ్డని పోగొట్టుకున్న ఆ ముస్లిం తల్లి, కొడుకుని జైల్లో పెట్టించుకున్న ఈ దళిత తల్లి ఒకే వైపు నిలబడ్డారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. నడవలేని జబ్బుతో ఆ కుర్రాడు జైల్లో మగ్గాడు. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇమ్మంది, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది. ఎనిమిదేళ్ల పైచిలుకు పోయింది. తర్వాత సీబీఐకి ఇస్తే, పాత కేసు రికార్డులు కోర్టులో నాశనం చేసేశారని తేలింది. కమిషనరేట్ అంటే ఆధునికం, శాస్త్రీయం అని ప్రచారం చేసేవాళ్ల ముందు ఈ కేసు పెట్టండి. అసలు దోషి ఎవరో తేల్చలేని వ్యవస్థకి, దోషిగా నిలబెట్టడానికి ఒక పల్లె పిల్లాణ్ణి వెతుక్కోవడం మాత్రం వచ్చింది.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన దానికి వచ్చాను.

కారంచేడు. 1985 జూలై 16న మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర గొడవ. గేదెల కుడితి నీళ్లు చెరువులోకి పోతుంటే వద్దన్నందుకు కుర్రాణ్ణి కొట్టబోయారు, అడ్డం వెళ్లిన ఒక స్త్రీ చేతిలో ఉన్న బిందె ఎత్తింది. 17 తెల్లారేసరికి పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. గొడవకీ దాడికీ మధ్య ఒక రాత్రి ఉంది. చీరాల నుంచి కారంచేడు ఎంత దూరం? ఇప్పటి ఆటోలో ఇరవై నిమిషాలు. పల్లె జనం నెత్తురు కారుతూ చీరాలకి నడిచి వచ్చారు గానీ చీరాల నుంచి పోలీసు కారంచేడు వెళ్లి ఆ దాడిని ఆపలేదు.

చుండూరులో ఒక రాత్రి కాదు, నెల. 1991 జూలై మొదటి వారంలో హాల్లో గొడవ, ఆ వెంటనే సాంఘిక బహిష్కరణ, పనుల్లోకి పిలవకపోవడం. ఊళ్లో పోలీసు పికెట్ ఉంది. అంటే సమాచారం లేదని అనడానికి కూడా లేదు. ఆగస్టు 6న పోలీసులు మాలపల్లెలోకి వచ్చారు. మగాళ్లని పారిపొమ్మన్నారని, పొలాల్లోకి పరిగెత్తినవాళ్లకి అక్కడ కత్తులతో, గొడ్డళ్లతో ఎదురైనవాళ్లు సిద్ధంగా ఉన్నారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఎనిమిది మంది. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో వేశారు. ఆ సెప్టెంబరులో నిరసన తెలుపుతున్న వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగి ఇంకో దళిత యువకుడు పోయాడు. చంపబడ్డవాళ్లని ఊరి నడిబొడ్డున పూడ్చారు. ఆ చోటే రక్తక్షేత్రం.

వీటి గురించి మనం ఏటా సభలు పెడతాం, పాటలు పాడతాం. కానీ పోలీసు చరిత్రగా వీటిని చదవం. చదవాలి. ఎందుకంటే 1816, 1859, 1861, కమిషనరేట్లు అన్నీ పైనుంచి వచ్చిన మార్పులు. దొరలో, మంత్రులో చేసినవి. కింద నుంచి, చచ్చినవాళ్ల వైపు నుంచి పోలీసు వ్యవస్థని మార్చిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే. కారంచేడు తర్వాత బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్ల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. దేశంలో ఇంకా ఎన్నో చోట్ల కారిన నెత్తురూ దానికి తోడైంది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలు. దాని కింద 1995లో నియమాలు రాశారు. వాటిలో 7వ నియమం ఏం చెబుతుంది? దర్యాప్తు డీఎస్పీ హోదాకి తగ్గని అధికారే చేయాలి.

ఇది చిన్న గుమాస్తా నియమంలా కనపడుతుంది. కాదు. ఎస్సై ఎవరు? ఆ మండలంలో ఎవరి సిఫారసు ఉత్తరంతో పోస్టింగ్ వచ్చిందో వాళ్ల ఇంటి ముందు నుంచే రోజూ జీపు పోతుంది. ఊరి పెద్దల చేతిలోంచి దర్యాప్తుని రెండు మెట్లు పైకి లాగడమే 7వ నియమం. 4వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది: కావాలని విధి నిర్వర్తించని ప్రభుత్వోద్యోగికే శిక్ష. దాడి జరిగిన చోటికి కలెక్టరు, ఎస్పీ స్వయంగా వెళ్లాలని 12వ నియమం. బొండ వేసిన చట్టం నుంచి ఇక్కడికి రావడానికి నూట డెబ్బై ఏళ్లు పట్టింది. చుండూరు వాళ్లు ఇంకా ముందుకి వెళ్లారు. మేం గుంటూరు కోర్టుల చుట్టూ తిరగం, కోర్టే మా ఊరికి రావాలి అని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని చుండూరులోనే పెట్టించారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది.

తర్వాత సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే పండగ వ్యాసం అవుతుంది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు చుండూరు ముద్దాయిలందర్నీ వదిలేసింది. జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. కారంచేడుకి 2008లో, అంటే 23 ఏళ్లకి, సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు అంది. పెద్ద కేసులు పోయేది చాలాసార్లు కోర్టులో కాదు. మొదటి మూడు రోజుల్లో స్టేషన్‌లో పోతాయి. ఎఫ్ఐఆర్ ఏ టైముకి రాశారు, సాక్షుల మాట ఎప్పుడు తీసుకున్నారు, పంచనామా ఎక్కడ చేశారు. కేసు డైరీ సీఐ రాస్తాడు, డీఎస్పీ సంతకం పెడతాడు. కాగితం మీద 7వ నియమం బతికే ఉంటుంది. ఇంకో ఆయుధం కౌంటర్ కేసు. మన వాళ్లు స్టేషన్ మెట్లు ఎక్కిన గంటకే అవతలి వాళ్లు ఎక్కుతారు: గొలుసు లాక్కున్నారు, ఆడవాళ్లని తిట్టారు. ఇక "ఇద్దరూ రాజీ పడండి" అన్న మాట మొదలవుతుంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో అట్రాసిటీ చట్టం అరెస్టు పళ్లు పీకబోయారు. ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాత 18ఏ సెక్షన్ తెచ్చి పార్లమెంటు మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

అదే చట్టాన్ని మన మీదే తిప్పడం కూడా రాజధాని నేల మీదే చూశాం. 2020 అక్టోబరులో కృష్ణాయపాలెం రైతుల్ని, వాళ్లలో ఎస్సీలు కూడా ఉన్నారు, అట్రాసిటీ కేసు కింద అరెస్టు చేసి, చేతులకి సంకెళ్లు వేసి గుంటూరు జిల్లా జైలుకి తీసుకెళ్లారు. సంకెళ్లు మామూలుగా వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. గొడవయ్యాక ఎవరిని సస్పెండ్ చేశారు? ఎస్కార్టు వెళ్లిన హెడ్ కానిస్టేబుళ్లని. ఆ అరెస్టుకి ఆదేశం ఇచ్చిన టేబుల్ దాకా సంకెళ్ల చప్పుడు పోలేదు. ఇప్పుడు 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్ చదవండి. "అలవాటు నేరస్థుడు" అయితే సంకెళ్లు వేయొచ్చని చట్టమే అంటోంది. స్టువార్టుపురం రిజిస్టరు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. అదే 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని పట్టుకున్న దళిత యువకుడు నాలుగు రోజుల్లో గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. మాస్కు!

ఖాకీలో మన వాళ్లు లేరా అంటే ఉన్నారు. సివిల్, ఆర్మ్‌డ్ రిజర్వు, మంగళగిరి ఆరో బెటాలియన్, అన్నిట్లో కానిస్టేబుళ్లుగా ఉన్నారు. గుంటూరు, ఒంగోలు కోచింగ్ సెంటర్లలో ఇప్పుడు పరీక్షకి చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు రేపు చేరతారు. చేరాలి. వాళ్ల మీద నాకు కోపం లేదు. సస్పెండ్ అయ్యే మెట్టు మీద మనం, ఆదేశం ఇచ్చే మెట్టు మీద ఇంకొకరు ఉండటమే నా ప్రశ్న. మునసబు వెనక కర్ర పట్టుకున్న వెట్టివాడికి ఇప్పుడు యూనిఫారం, జీతం, ఇంక్రిమెంట్ ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. గుంటూరు అర్బన్, రూరల్ అని ఉన్న రెండు పోలీసు జిల్లాలు పోయి గుంటూరు, పల్నాడు, బాపట్ల అయ్యాయి. విజయవాడ కమిషనరేట్ ఎన్టీఆర్ జిల్లా మొత్తానికి పాకింది, అంటే నందిగామ పల్లెలు కూడా కమిషనర్ కిందికి వచ్చాయి. నగరం కోసం పుట్టిన అధికారం మిరప చేల దాకా వచ్చింది, ఎవరూ చర్చించలేదు. ఇంకో సంగతి ఎంతమంది గమనించారో తెలియదు. స్టువార్టుపురం ఒకప్పుడు గుంటూరు, కారంచేడు ప్రకాశం, చుండూరు గుంటూరు. ఇప్పుడు మూడూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. ఒకే ఎస్పీ ఆఫీసులో మూడు ఊళ్ల పాత ఫైళ్లు. అక్కడికి ట్రైనింగ్‌కి వచ్చే ప్రొబేషనరీ అధికారికి ఆ మూడూ చదివిస్తున్నారా అని ఎవరైనా సమాచార హక్కు కింద అడిగితే బాగుంటుంది. బాపట్ల పిల్లలు ఈ పని తీసుకోండి.

కాబట్టి అమరావతికి కమిషనరేట్ అన్నప్పుడు మనం అడగాల్సింది కావాలా వద్దా అని మాత్రమే కాదు. రాజధాని 29 గ్రామాల్లో మన వాళ్ల అసైన్డ్ భూముల గొడవలు ఇంకా నలుగుతున్నాయి. నిలబడి అడిగేవాళ్ల మీద బైండోవర్లు ఎవరి ముందు పెడతారు? బహిష్కరణ ఉత్తర్వు మీద అప్పీలు ఎక్కడ? కమిషనరేట్‌లో 7వ నియమం కింద దర్యాప్తు చేయాల్సింది ఏసీపీ. ఒక్కో ఏసీపీ చేతిలో ఎన్ని అట్రాసిటీ కేసులు ఉంటాయి, అరవై రోజుల్లో చార్జిషీటు ఎన్నిట్లో పడుతుంది? జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కలెక్టరు దగ్గర ఉంటుంది. కమిషనర్ దానికి వస్తారా, కింది అధికారిని పంపుతారా? తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో ఉన్నవాళ్లు గత మూడేళ్ల కౌంటర్ కేసుల వివరాలు స్టేషన్ వారీగా సేకరించడం మొదలుపెట్టండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి, రెండు కేసుల టైములూ పక్కపక్కన రాయండి.

వచ్చే భాగంలో చుండూరు ప్రత్యేక కోర్టు ఎలా నడిచిందో, సాక్షులు ఎలా నిలబడ్డారో రాస్తాను.

జై భీమ్.